డెస్క్‌టాప్ మీద ఐకాన్లన్నీ పీడీఎఫ్ బొమ్మలైపోయాయి, ఫార్మాట్ కొట్టించాలా?

ప్రశ్న: నేను పల్నాడు ప్రాంతంలోని ఒక మండల కేంద్రంలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు అన్నీ 2011లో కొన్న విండోస్ 7 కంప్యూటర్ మీదే, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేరులో, అను అనే తెలుగు ఫాంట్లతో చేస్తుంటాను. రెండు నెలలుగా డెస్క్‌టాప్ మీద కొన్ని ఐకాన్లు తెల్ల కాగితాల్లా కనబడుతున్నాయి. పేజ్‌మేకర్ బొమ్మ అంచులు మొదటినుంచీ రంపపు పళ్లలా ఉన్నాయి. ఒక్కోసారి పని మధ్యలో ఐకాన్ల రంగులన్నీ మరకలు పడ్డట్టు మారిపోయి, కాసేపటికి వాటంతటవే బాగవుతాయి. పోయిన వారం మా దగ్గర పనిచేసే అబ్బాయి ఏదో నొక్కాడట, అప్పటినుంచి డెస్క్‌టాప్‌లోను, స్టార్ట్ మెనూలోను బొమ్మలన్నీ పీడీఎఫ్ బొమ్మలైపోయాయి. దేన్ని నొక్కినా పీడీఎఫ్ సాఫ్ట్‌వేరే తెరుచుకుని, ఫైలు పేరు చివర ఎల్‌ఎన్‌కే అని చూపించి, దీన్ని తెరవలేనంటోంది. కంప్యూటర్, రీసైకిల్ బిన్ బొమ్మలు మాత్రం మామూలుగానే ఉన్నాయి. పక్కనున్న విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్‌లో తెలుగు పేర్లు పెట్టిన ఫోల్డర్ల కింద అక్షరాలకు బదులు డబ్బాలు కనబడుతున్నాయి. ఫార్మాట్ కొడితే, అంటే డిస్కు చెరిపేసి విండోస్ మళ్లీ వేస్తే తప్ప బాగుపడదని సర్వీసు చేసే అతను అంటున్నాడు. పేజ్‌మేకర్ సీడీ ఎప్పుడో పోయింది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందుగా ఆ ఫార్మాట్ ఆలోచన పక్కన పెట్టండి. సీడీ లేని పేజ్‌మేకర్ ఉన్న సిస్టమ్‌ను ఫార్మాట్ కొడితే ఐకాన్లు బాగుపడతాయి గాని, నొక్కడానికి పేజ్‌మేకరే మిగలదు. దాని ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి తర్వాత మళ్లీ వేసుకుందామంటే కుదరదు, ఎందుకంటే ఇన్‌స్టాల్ చేసినప్పుడు అది విండోస్ లోపల అనేక చోట్ల తన వివరాలు రాసుకుని ఉంటుంది. మీ ఉత్తరంలో ఒకే జబ్బులా కనబడుతున్నవి నిజానికి నాలుగైదు వేర్వేరు సంగతులు. వాటిలో ఒకటి అసలు జబ్బే కాదు. మిగతావాటిలో దేనికీ ఫార్మాట్ అవసరం లేదు.

మీ పని నిలిచిపోయింది బొమ్మలన్నీ పీడీఎఫ్‌లుగా మారినందువల్ల కాబట్టి దానితోనే మొదలు పెడదాం. మీ అబ్బాయి నొక్కిన ఆ 'ఏదో' ఏమిటో మీ ఉత్తరాన్నిబట్టే చెప్పవచ్చు. డెస్క్‌టాప్ మీద మనం నొక్కే బొమ్మల్లో ఎక్కువ భాగం అసలు ప్రోగ్రాములు కావు. అసలు ప్రోగ్రాము సీ డ్రైవులో ఎక్కడో ఉంటే, దాని చిరునామా రాసిపెట్టిన చిన్న చీటీ వంటి ఫైలు ఇక్కడ ఉంటుంది. దాన్నే షార్ట్‌కట్ అంటారు. బొమ్మకు ఎడమవైపు కింది మూలన కనిపించే చిన్న వంపు బాణం దాని గుర్తు. ఆ చీటీ ఫైళ్లన్నిటికీ పేరు చివర ఎల్‌ఎన్‌కే అనే తోక ఉంటుంది. విండోస్ దాన్ని ఎప్పుడూ దాచి ఉంచుతుంది కనుక మామూలుగా మనకు కనబడదు. ఏదో ఒక తెల్ల ఐకాన్ తెరుచుకోకపోతే, దీన్ని దేనితో తెరవాలో ఎంచుకునే పెట్టెలోకి మీ అబ్బాయి వెళ్లి, పీడీఎఫ్ సాఫ్ట్‌వేరును చూపించి, ఈ రకం ఫైళ్లను ఎప్పుడూ దీనితోనే తెరవమనే టిక్కును అలాగే వదిలి ఓకే నొక్కి ఉంటాడు. అంతటితో విండోస్ ఆ ఒక్క ఫైలునే కాక ఎల్‌ఎన్‌కే తోక ఉన్న ప్రతి చీటీనీ పీడీఎఫ్ సాఫ్ట్‌వేరుకు అప్పగించింది. బొమ్మలు కూడా దానివే వేసుకుంది. కంప్యూటర్, రీసైకిల్ బిన్ షార్ట్‌కట్లు కావు కాబట్టి వాటి జోలికి పోలేదు. మీరు ఆ రెండూ బాగున్నాయని రాయకపోతే నేను ఇంత ధీమాగా చెప్పగలిగేవాణ్ణి కాదు.

ఈ తప్పు సిస్టమ్ మొత్తానిది కాదు, మీరు లాగిన్ అయ్యే ఖాతాకు మాత్రమే సంబంధించినది. నా మాట నిజమో కాదో చూడాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో యూజర్ అకౌంట్స్‌కు వెళ్లి కొత్త ఖాతా ఒకటి తయారు చేసి, దానితో లాగిన్ అవ్వండి. అక్కడ స్టార్ట్ మెనూలో బొమ్మలు వేటివి వాటికి సరిగ్గా కనిపిస్తే నిర్ధారణ అయిపోయినట్టే. చేతిలో అర్జెంటు పత్రికలుంటే అవి పూర్తయ్యేదాకా ఆ కొత్త ఖాతాలోనే పని చేసుకోవచ్చు. ఫాంట్లు అందరికీ ఉమ్మడి కనుక అక్కడా ఉంటాయి, తెలుగు కీబోర్డు ప్రోగ్రామును మాత్రం విడిగా తెరవాల్సి రావచ్చు.

ఇక మీ పాత ఖాతాను సరిచేసే విధానం చెబుతాను. దీనికి రిజిస్ట్రీ అనే విండోస్ లెక్కల పుస్తకంలో ఒక చిన్న పద్దు కొట్టివేయాలి. అక్కడ తప్పు చోట చెయ్యి పెడితే నష్టం పెద్దది కాబట్టి నిదానంగా చేయండి. కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీటను పట్టుకుని ఆర్ నొక్కితే ఎడమ మూలన చిన్న పెట్టె వస్తుంది. అందులో ఆర్, ఇ, జి, ఇ, డి, ఐ, టి అనే ఏడు ఇంగ్లిష్ అక్షరాలను ఖాళీ లేకుండా కలిపి టైపు చేసి ఎంటర్ కొట్టండి. ఇది షార్ట్‌కట్ ద్వారా కాక నేరుగా ప్రోగ్రామునే పిలుస్తుంది కనుక పీడీఎఫ్ అడ్డం రాదు. విండోస్ అనుమతి అడిగితే ఎస్ అనండి. తెరుచుకున్న కిటికీలో ఎడమవైపు ఫోల్డర్ల చెట్టు ఉంటుంది. హెచ్‌కీ కరెంట్ యూజర్ అన్నదాన్ని విప్పి, దాని లోపల సాఫ్ట్‌వేర్, దానిలో మైక్రోసాఫ్ట్, దానిలో విండోస్, దానిలో కరెంట్ వెర్షన్, దానిలో ఎక్స్‌ప్లోరర్, దానిలో ఫైల్ ఎక్స్‌ట్స్ అనే వరుసలో దిగండి. అక్కడ చుక్కతో మొదలయ్యే పేర్లు చాలా కనిపిస్తాయి. అవన్నీ ఫైళ్ల తోకలే. వాటిలో చుక్క ఎల్‌ఎన్‌కే అన్నదాన్ని ఒకసారి నొక్కి, పైన ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ ద్వారా దాని నకలు ఒకటి దాచుకోండి, పొరపాటు జరిగితే ఆ నకలే మిమ్మల్ని మళ్లీ వెనక్కి తెస్తుంది. తర్వాత దాన్ని విప్పితే లోపల యూజర్ చాయిస్ అనే ఫోల్డరు కనబడుతుంది. అది ఉండకూడనిది. దాన్ని మాత్రమే, దాని మీద మౌస్ కుడి మీట నొక్కి డిలీట్ చేయండి. కిటికీ మూసి లాగ్ ఆఫ్ అయ్యి మళ్లీ లాగిన్ అవ్వండి. ఎక్కువ శాతం ఇక్కడితో బొమ్మలూ బాణాలూ వేటి చోటికి అవి వచ్చేస్తాయి, నొక్కితే ప్రోగ్రాములూ తెరుచుకుంటాయి.

ఇంత దూరం వెళ్లడానికి చెయ్యి వణికితే, సిస్టమ్ రిస్టోర్‌లో పోయిన వారానికి ముందు తేదీ ఏదైనా దొరుకుతుందేమో చూడవచ్చు. అది మీ డాక్యుమెంట్లను ముట్టుకోకుండా సెట్టింగులను ఆ తేదీకి తీసుకువెళ్తుంది. కాని ఈ మధ్యలో వేసిన కొత్త ప్రోగ్రాములేవైనా ఉంటే అవి పోతాయి. నన్నడిగితే ఒక్క పద్దు కోసం పుస్తకమంతా వెనక్కి తిప్పడం కన్నా ఆ పద్దు కొట్టేయడమే మేలు.

రెండు నెలలుగా వేధిస్తున్న తెల్ల కాగితాల సంగతి దీనికన్నా పాతది, కారణమూ వేరు. ప్రతి ప్రోగ్రాము ఫైలు లోపలా దాని బొమ్మ కొలతకొకటి చొప్పున దాగి ఉంటుంది. డెస్క్‌టాప్‌ను చూపించే ఎక్స్‌ప్లోరర్ ప్రతిసారీ ఆ ఫైళ్లన్నీ తెరిచి బొమ్మలు వెతుక్కుంటూ కూర్చుంటే, మీది వంటి 2011 నాటి హార్డ్‌డిస్క్ మీద డెస్క్‌టాప్ నిండడానికే చాలాసేపు పడుతుంది. అందుకని ఒకసారి చూసిన బొమ్మలన్నిటినీ ఒకే ఫైలులో నకలు తీసి పెట్టుకుంటుంది. విండోస్ 95, 98 రోజుల్లో అది విండోస్ ఫోల్డరులోనే షెల్ ఐకాన్ కాష్ అనే పేరుతో ఉండేది. మీ విండోస్ 7లో ఐకాన్ కాష్ అనే పేరుతో, డీబీ అనే తోకతో, మీ ఖాతా ఫోల్డరు లోపల దాగి ఉంటుంది. ఈ నకళ్ల ఫైలు చెడినప్పుడు ఎక్స్‌ప్లోరర్‌కు బొమ్మ దొరకక తెల్ల కాగితం వేస్తుంది, లేదా ఒకదాని బొమ్మ ఇంకొకదానికి తగిలిస్తుంది. ప్రోగ్రాముకు మాత్రం ఏమీ కాదు, నొక్కితే మామూలుగానే తెరుచుకుంటుంది.

తెల్ల కాగితంలా కనిపించే ప్రతిదీ ఈ కారణం వల్లనే అని కూడా అనుకోకండి. ఒక చిన్న పరీక్ష ఉంది. తెల్లగా కనిపించే ఐకాన్ మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ తెరిచి, చేంజ్ ఐకాన్ అనే బొత్తాన్ని నొక్కండి. వచ్చిన పెట్టెలో అసలు బొమ్మ చక్కగా కనిపిస్తే తప్పు నకళ్ల ఫైలుది. ఫైలు కనబడలేదని విండోస్ ఫిర్యాదు చేస్తే, చీటీలో రాసిన చిరునామాలో ఇప్పుడు ఇల్లే లేదన్నమాట. ప్రోగ్రామును ఎవరో తీసేసి ఉండాలి, లేదా డీ డ్రైవుగా ఉన్న రెండో హార్డ్‌డిస్క్ తీగ వదులై ఉండాలి, లేదా పెన్‌డ్రైవ్ పెట్టినందువల్ల డ్రైవు అక్షరం మారి ఉండాలి. అటువంటి చీటీలను చెరిపివేసి, అసలు ఫైలు నుంచి కొత్త షార్ట్‌కట్ తయారు చేసుకోవడమే దారి.

నకళ్ల ఫైలును కొత్తగా తయారు చేయించడం సులభమే గాని అందులో ఒక మెలిక ఉంది. మా బంధువుల ప్రెస్సులో ఇదే జబ్బు వచ్చినప్పుడు నేను ఆ ఫైలును వెతికి పట్టి డిలీట్ చేసి, రీస్టార్ట్ చేసి చూస్తే తెల్ల కాగితాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. మూడోసారికి గాని నా తెలివితక్కువ నాకు అర్థం కాలేదు. ఎక్స్‌ప్లోరర్ ఆ చెడ్డ నకళ్లను మెమరీలో కూడా పట్టుకుని ఉంటుంది, సిస్టమ్ ఆపేటప్పుడు వాటినే మళ్లీ డిస్కు మీద రాసేస్తుంది. కాబట్టి ముందు ఎక్స్‌ప్లోరర్‌ను ఆపాలి, అది ఆగి ఉండగానే ఫైలు తీసేయాలి, ఆ తర్వాతే దాన్ని లేపాలి.

మొదట కంప్యూటర్ కిటికీ తెరిచి, ఆర్గనైజ్ కింద ఫోల్డర్ అండ్ సెర్చ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, వ్యూ భాగంలో దాచిన ఫైళ్లను చూపించమనే చోట చుక్క పెట్టండి. తెరిచిన పనులన్నీ సేవ్ చేసి మూసేయండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో ప్రాసెసెస్ అనే భాగంలో ఎక్స్‌ప్లోరర్ పేరును ఎంచి ఎండ్ ప్రాసెస్ నొక్కండి. వెంటనే ఐకాన్లు, కింది టాస్క్‌బార్ మాయమై, వాల్‌పేపర్ మీద టాస్క్ మేనేజర్ ఒక్కటే నిలబడి ఉంటుంది. గాభరా పడవద్దు, మనకు కావలసింది ఇదే. ఇప్పుడు టాస్క్ మేనేజర్‌లోనే ఫైల్ మెనూలో న్యూ టాస్క్ నొక్కి, వచ్చిన పెట్టెలో బ్రౌజ్ అనండి. ఆ కిటికీ ద్వారా సీ డ్రైవులో యూజర్స్, దానిలో మీ ఖాతా పేరు, దానిలో యాప్‌డేటా, దానిలో లోకల్ వరకు వెళ్లండి. కింద ప్రోగ్రామ్స్ అని ఉన్న చోట ఆల్ ఫైల్స్‌గా మార్చకపోతే ఐకాన్ కాష్ కనబడదు, చాలామంది ఇక్కడే ఫైలు లేదనుకుని వెనుదిరుగుతారు. కనిపించగానే కుడి మీట నొక్కి డిలీట్ చేసి, ఆ పెట్టెను క్యాన్సిల్ చేయండి. మళ్లీ న్యూ టాస్క్ తెరిచి ఎక్స్‌ప్లోరర్ అని ఇంగ్లిష్‌లో టైపు చేసి ఓకే నొక్కండి. టాస్క్‌బార్ తిరిగి వచ్చి, బొమ్మలు ఒక్కొక్కటిగా నింపుకుంటూ వస్తాయి. మొదటిసారి కాస్త ఆలస్యమవుతుంది.

మీ ఎక్స్‌పీ సిస్టమ్‌కు ఎప్పుడైనా ఇదే తెల్ల కాగితాల జబ్బు వస్తే ఇంత శ్రమ అక్కర్లేదు. డిస్‌ప్లే ప్రాపర్టీస్‌లోని సెట్టింగ్స్‌లో రంగుల నాణ్యతను 32 బిట్ నుంచి 16 బిట్‌కు మార్చి అప్లై చేసి, తిరిగి 32కు తెస్తే చాలు. రంగులు మారినప్పుడల్లా అది నకళ్లను కొత్తగా తీసుకుంటుంది.

పేజ్‌మేకర్ బొమ్మ అంచులు రంపపు పళ్లలా ఉండడం, నేను మొదట చెప్పిన, జబ్బు కాని సంగతి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7, అది 2001లో వచ్చింది. ఆ కాలపు ప్రోగ్రాముల్లో చాలావాటికి అడ్డం 32 చుక్కలు, నిలువు 32 చుక్కలు ఉన్న చిన్న బొమ్మలే గీసేవారు. అంచులు నున్నగా నేపథ్యంలో కలిసిపోయేలా గీసే ఐకాన్లు విండోస్ ఎక్స్‌పీతో వచ్చాయి, 256 చుక్కల పెద్ద బొమ్మలు దాని తర్వాతి విండోస్ విస్టాతో వచ్చాయి. విండోస్ 7 డెస్క్‌టాప్ మామూలుగా 48 చుక్కల కొలతలో ఐకాన్లు చూపిస్తుంది కాబట్టి, పాత ప్రోగ్రాములో అంత బొమ్మ లేకపోతే ఉన్నదాన్నే సాగదీస్తుంది. చిన్న పాస్‌పోర్టు ఫొటోను ఫ్లెక్సీకి సాగదీస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? డెస్క్‌టాప్ ఖాళీ చోట కుడి మీట నొక్కి, వ్యూలో స్మాల్ ఐకాన్స్ ఎంచుకుంటే 32 చుక్కల కొలత వస్తుంది, బొమ్మ తేటగా కనబడుతుంది.

పని మధ్యలో రంగులకు మరకలు పడి తర్వాత బాగవడం గురించి నాకొక గట్టి అనుమానం ఉంది. అది జరిగేది పేజ్‌మేకర్ తెరిచి ఉన్నప్పుడేనా, మూయగానే బాగవుతోందా గమనించండి. పాత ప్రోగ్రాములు కొత్త విండోస్‌లో మొరాయిస్తే, వాటి ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ అనే భాగానికి వెళ్లి కనిపించిన టిక్కులన్నీ పెట్టేయడం మన సర్వీసు వాళ్లకు అలవాటు. అక్కడ 256 రంగుల్లో నడపమనే టిక్కు ఒకటి ఉంది. అది ఆ ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ మొత్తం తెరనే 256 రంగులకు దించేస్తుంది, పాపం ఐకాన్లు లక్షల రంగుల్లో ఉన్న తమ బొమ్మలను ఆ కాసిని రంగుల్లో సర్దుకోలేక మరకలు మరకలుగా తేలుతాయి. పేజ్‌మేకర్‌కు ఆ టిక్కు అవసరం లేదు, తీసేయండి. పేజ్‌మేకర్‌తో నిమిత్తం లేకుండా ఎప్పుడు చూసినా రంగులు అలాగే ఉంటే మాత్రం, స్క్రీన్ రిజల్యూషన్‌లోని అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కు వెళ్లి, మానిటర్ భాగంలో ట్రూ కలర్ 32 బిట్ ఉందో లేదో చూడాలి. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ల కింద స్టాండర్డ్ వీజీఏ అని కనబడితే మదర్‌బోర్డుకు సంబంధించిన డిస్‌ప్లే డ్రైవరు పోయిందని అర్థం, దాన్ని తిరిగి వేయించాలి.

ఎక్స్‌పీలో తెలుగు పేర్ల కింద డబ్బాలు రావడానికి ఐకాన్లతో సంబంధమే లేదు. ఎక్స్‌పీకి గౌతమి అనే తెలుగు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ విడి సంకేతం ఇచ్చే పద్ధతి) ఫాంట్ ఉంది గాని, గుణింతాలను, ఒత్తులను కూర్చి చూపించే ఏర్పాటు మనం అడిగి వేయించుకుంటే గాని రాదు. కంట్రోల్ ప్యానెల్‌లో రీజినల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ భాగంలో కాంప్లెక్స్ స్క్రిప్ట్ భాషలకు ఫైళ్లు వేయమనే టిక్కు పెట్టండి. అది ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది. సీడీ లేకపోతే హార్డ్‌డిస్క్‌లో ఐ386 అనే ఫోల్డరు ఎక్కడైనా ఉందేమో వెతికి దాన్ని చూపించండి, ఆ రోజుల్లో సిస్టమ్ అమర్చినవాళ్లు చాలామంది దాన్ని డిస్కులో కాపీ చేసి ఉంచేవారు. రీస్టార్ట్ చేశాక డబ్బాల చోట అక్షరాలు వస్తాయి. విండోస్ 7కు ఈ బాధ లేదు, తెలుగు దానిలో మొదటినుంచీ కూర్చుని ఉంటుంది.

డీటీపీ సెంటర్లలో దీనికి ఎదురుగా జరిగే తమాషా ఒకటి ఉంది, మీరూ చూసే ఉంటారు. ఫోల్డర్ల కింద ఇంగ్లిష్‌లో పెట్టిన పేర్లన్నీ ఉన్నట్టుండి అర్థం పర్థం లేని తెలుగు ముక్కలుగా కనబడతాయి. వైరస్ అనుకుని హడలిపోతారు. అను వంటి పాత ఫాంట్లు యూనికోడ్ ఫాంట్లు కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కలను కూర్చుకున్న ఫాంట్లు. అప్పియరెన్స్ సెట్టింగుల్లో ఐకాన్ పేర్ల ఫాంట్‌గా ఎవరైనా పొరపాటున అటువంటి దాన్ని ఎంచుకుంటే, కింద ఉన్నది ఇంగ్లిష్ పేరే అయినా పైకి తెలుగు ముక్కలే కనిపిస్తాయి. ఎక్స్‌పీలో అయితే తహోమా, విండోస్ 7లో అయితే సెగో యూఐ అనే ఫాంట్‌ను తిరిగి ఎంచితే సరిపోతుంది.

మీ సెంటర్‌కు రోజూ వచ్చే పెన్‌డ్రైవ్‌ల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే కొన్ని ఐకాన్లు సరిగ్గా కనిపిస్తూనే అబద్ధం చెబుతాయి. కస్టమర్ పెన్‌డ్రైవ్ తెరిచినప్పుడు ఫోల్డరు బొమ్మకు బాణం గుర్తు ఉంటే, అది ఫోల్డరు కాదు, వైరస్‌ను లేపే చీటీ. అసలు ఫోల్డరును ఆ వైరస్ దాచేసి ఉంటుంది. ఇంకో రకంలో బాణం కూడా ఉండదు, పసుపు పచ్చని ఫోల్డరు బొమ్మ తగిలించుకున్న ప్రోగ్రామే అక్కడ కూర్చుని ఉంటుంది. తెరిచే ముందు వ్యూను డీటెయిల్స్‌కు మార్చి టైప్ అనే వరుస చూడండి. ఫైల్ ఫోల్డర్ అని కాక అప్లికేషన్ అనో షార్ట్‌కట్ అనో ఉంటే ముట్టుకోవద్దు. ఆ అలవాటు మీ అబ్బాయికి కూడా నేర్పండి.

నకళ్ల ఫైలు కొత్తగా చేయించిన తర్వాత కూడా వారం తిరక్కుండా తెల్ల కాగితాలు మళ్లీ వస్తుంటే, అప్పుడు నేను ఐకాన్లను వదిలేసి కరెంటునూ హార్డ్‌డిస్క్‌నూ అనుమానిస్తాను. ఎక్స్‌ప్లోరర్ ఆ ఫైలును రాసేది లాగ్ ఆఫ్ అయ్యేటప్పుడు, షట్‌డౌన్ చేసేటప్పుడు. మీ యూపీఎస్ బ్యాటరీ అయిపోయి, కరెంటు పోయినప్పుడల్లా సిస్టమ్ టప్పున ఆరిపోతుంటే, రాయవలసిన ఫైలు రాయకుండానో, సగంలోనో ఆగిపోతుంది. ఇటువంటి యూపీఎస్ బ్యాటరీలు రెండు మూడేళ్లకు మించి సరిగ్గా నిలబడవు. మీది ఎప్పుడు మార్చారో గుర్తు తెచ్చుకోండి. సీ డ్రైవు అంచులదాకా నిండి ఉన్నా ఇటువంటి తిప్పలే వస్తాయి, రెండు మూడు జీబీలైనా ఖాళీగా ఉంచండి. ఆ తర్వాత సీ డ్రైవు ప్రాపర్టీస్‌లో టూల్స్ భాగానికి వెళ్లి, ఎర్రర్ చెకింగ్ కింద తప్పులను వాటంతటవే సరిచేయమనే టిక్కు పెట్టి రీస్టార్ట్ చేయండి. తనిఖీలో చెడ్డ సెక్టార్లు, అంటే డిస్కు మీద పాడైపోయిన భాగాలు ఉన్నాయని తేలితే, లేదా డిస్కు నుంచి టిక్కు టిక్కుమనే శబ్దం వినబడుతుంటే, ఇక ఐకాన్ల గురించి ఆలోచించే సమయం కాదు.

అందుకే ఇవన్నీ మొదలుపెట్టక ముందే ఒక పని చేయమంటాను. బయట తగిలించే హార్డ్‌డిస్క్ ఒకటి తెచ్చుకుని, కంట్రోల్ ప్యానెల్‌లో బ్యాకప్ అండ్ రిస్టోర్ తెరిచి, క్రియేట్ ఏ సిస్టమ్ ఇమేజ్ అన్నదాన్ని నొక్కండి. అది విండోస్‌ను, పేజ్‌మేకర్‌ను, ఫాంట్లను, సెట్టింగులను ఉన్నవి ఉన్నట్టుగా మూట కట్టి ఇస్తుంది. రేపు ఈ డిస్కు పోయినా అదే కంప్యూటర్‌లో కొత్త డిస్కు వేసి, పేజ్‌మేకర్ సీడీ లేకుండానే ఆ మూట విప్పుకోవచ్చు. కొత్త డిస్కు కనీసం పాతదానంత పెద్దది అయి ఉండాలి. అదే చోట రిపేర్ డిస్క్ తయారు చేసుకునే వీలు కూడా ఉంది, ఒక ఖాళీ సీడీ పెట్టి అదీ చేయించుకోండి. మూట విప్పేటప్పుడు దానితోనే కంప్యూటర్‌ను లేపాలి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం 2020 జనవరి 14తో ఆపేసింది, ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయాయి. కాబట్టి ఆ రెండు సిస్టమ్‌ల మీదా బ్యాంకు లావాదేవీలు చేయకండి, వీలైతే ఇంటర్నెట్ తీగే పీకి ఉంచండి.

సర్వీసు చేసే అతన్ని పిలవాల్సి వస్తే డిస్‌ప్లే డ్రైవరు కోసమో, యూపీఎస్ బ్యాటరీ కోసమో, డిస్కు మార్చడానికో పిలవండి. ఫార్మాట్ మాట ఎత్తితే, ముందుగా ఆ సిస్టమ్ ఇమేజ్ ఉన్న హార్డ్‌డిస్క్‌ను బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చి, అప్పుడు మాట్లాడండి.